పాత చిన్న సెయిల్‌బోట్‌ని క్యాబిన్ చూసి తీసిపారేయకండి

పాత చిన్న సెయిల్‌బోట్ అనగానే అందరూ అనే మాట "లోపల ఇరుకు". నిజమే, కాంటెస్సా 32 అనే పాత మోడల్ సెయిల్‌బోట్ పొడవు 9.75 మీటర్లైనా వెడల్పు 2.9 మీటర్లే, అంత పొడవున్న ఇప్పటి బోట్లు చాలావరకు 3.3 దాటేస్తాయి. కానీ దాన్ని లోపం అంటే నేను ఒప్పుకోను.

వెడల్పాటి బోట్ మొదట కదలకుండా నిలబడుతుంది కాబట్టి ఎక్కగానే నమ్మకం కలుగుతుంది. అయితే పెద్ద అల దాన్ని పూర్తిగా బోల్తా కొట్టిస్తే తలకిందులుగా కూడా స్థిరంగా ఉండిపోగలదు, అసలు భయం అక్కడే. సన్నటి బోట్ కొంచెం గాలికే ఒరుగుతుంది, కొత్తవాళ్లకి టెన్షన్ పుడుతుంది, కానీ ఒక కోణం దాటాక ఇంకా ఒరగనని మొండికేస్తుంది. కాంటెస్సా 32 బరువులో దాదాపు సగం కీల్‌లోనే, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్కలోనే ఉంటుంది, అందుకే బోల్తా పడినా మళ్లీ తిరిగి లేస్తుంది. 1979లో ఇంగ్లండ్ నుంచి సాగిన ఫాస్ట్‌నెట్ అనే సముద్రపు సెయిలింగ్ రేసులో తుఫాను 15 మంది సెయిలర్ల ప్రాణాలు తీసింది. ఆ రేసులో అన్నిటికన్నా చిన్న బోట్ల క్లాసులో చివరిదాకా వెళ్లింది ఒక్కటే, అసెంట్ అనే కాంటెస్సా 32.

దీనికి ముందు తరం ఫోక్‌బోట్ అనే పడవ. 1942లో స్కాండినేవియాలో పెట్టిన పడవ డిజైన్ పోటీకి వచ్చిన వాటిలో దేన్నీ విజేతగా ప్రకటించకుండా, మంచివన్నీ కలిపి టోర్డ్ సుండేన్ అనే స్వీడన్ డిజైనర్ చేత గీయించారు. 7.68 మీటర్ల పడవ, బరువులో సగానికి పైగా ఇనుప కీలే! దాని ఆధారంగా ఫైబర్‌గ్లాస్‌తో చేసిందే కాంటెస్సా 26, టానియా ఏబీ అనే అమెరికా అమ్మాయి 1985లో బయల్దేరి దాదాపు దారంతా ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చింది అందులోనే.

పొడవాటి కీల్ ఉంటే పడవ దారి తప్పదు, టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) కాసేపు వదిలినా తన దారిన తను పోతుంది. అదే కీల్ మరీనాలో, అంటే పడవలు కట్టే రేవులో, ఇంజన్‌తో వెనక్కి పోనిస్తున్నప్పుడు ఏడిపిస్తుంది. ఇలాంటి పడవల్లో అలల నీళ్లు డెక్ మీదికి వచ్చి ఒళ్లంతా తడిసిపోతుంది. గాలి వెనకనుంచి వీస్తే ఊగుడు కూడా ఎక్కువే. ఇవన్నీ నాకు సమ్మతమే, సముద్రం మధ్యలో ప్రాణం తీసేవి కావు.

కొనాలనుకుంటే క్యాబిన్‌లో నిలబడి తల పైకప్పుకి తగులుతుందా అని చూడటం తర్వాత. ముందు డెక్ మీద నడుస్తూ కాలి కింద మెత్తగా అనిపించే చోట్లు వెతకండి, తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తీగలు పడవకి బిగించిన చోట తుప్పు ఉందేమో, చుక్కాని వదులైందేమో చూడండి. వీటిలో లోపాలుంటే బోట్ ధర కన్నా రిపేరుకే ఎక్కువ అవ్వచ్చు.