కాకి ముట్టని కారు

మొన్న ఆదివారం జరిగింది. చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది కాబట్టి, చెప్పడంలో కాస్త ముందువెనుకలైతే సర్దుకోవాలి.

నా కారుకు కంపెనీవాళ్లు పెట్టిన ఇమ్మొబిలైజర్ ఉంది. ఉందని నాకు మూడేళ్ల దాకా తెలియదు. ఆ తెలియకపోవడమే దాని గొప్ప. తాళంచెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్పు ఒకటి దాక్కుని ఉంటుంది. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట దగ్గర కాసింత కరెంటు చేబదులు తీసుకుని, తన నంబరు చెబుతుంది. నంబరు కలిస్తే ఇంజన్ నడుస్తుంది. కలవకపోతే, ఎంత నేర్పుగా అరగదీసిన మారు తాళంచెవి తెచ్చినా ఇంజన్ ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. అరుపు లేదు, ఆర్భాటం లేదు.

నేనూ ఊరుకునేవాణ్ణే. మా బావమరిది ఊరుకోలేదు.

ఏదో పరీక్ష రాయడానికి పది రోజుల కోసమని విజయవాడ వచ్చాడు. వచ్చిన నెల రోజుల్లో పరీక్ష తప్ప మిగతావన్నీ చేశాడు. చుక్కలు చుక్కలుగా కారే కుళాయిని ధారగా కారేటట్టు బాగుచేశాడు. మిక్సీ విప్పాడు. గోడగడియారం విప్పాడు. మూగబోయిన కాలింగ్ బెల్లు వంక అదోలా చూస్తూ తిరిగాడు. విప్పడానికి ఇంట్లో ఇంకేమీ మిగలనప్పుడు ఫోనులో వార్తలు చదివాడు.

"బావగారూ! అమెరికాలో కుర్రాళ్లు యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పి కార్లు ఎత్తుకుపోతున్నారట!"

అబద్ధం కాదు. 2011 నుంచి 2021 దాకా అక్కడ అమ్మిన కియా, హ్యుందాయ్ కార్లలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు. మిల్వాకీ కుర్రాళ్లకు ఆ కిటుకు దొరికింది, వీడియోలకెక్కి దేశమంతా పాకింది. పక్కనే ఉన్న కెనడాలో 2007 నుంచి ఆ పరికరం చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి అవే కంపెనీల కార్లు అక్కడ దానితోనే వచ్చాయి. అదే చెప్పాను. "ఆ కార్లకు లేనిదేదో అది నా కారుకు ఉందిరా" అన్నాను.

"ఉన్నదాని మీద ఇంకొకటి ఉంటే తప్పేమిటి?" అన్నాడు.

ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు తట్టలేదు. మా ఆవిడకు మాత్రం వెంటనే తట్టింది: "వాడు మన మంచికే చెబుతున్నాడు."

ఆటోనగర్‌లో ఒక కొట్టు. నాలుగున్నర వేలకు ఒక దొంగల అలారం. పెట్టె మీద కోరలు చాపిన పులి బొమ్మ. కొట్టువాడు స్టీరింగు కింద తల దూర్చి, కంపెనీవాళ్లు పొందిగ్గా కట్టిన తీగల కట్టను చాకుతో చీల్చి, స్టార్టరుకు పోయే తీగను తెంపి, మధ్యలో రిలే అనే కరెంటు స్విచ్చు ఒకటి అతికి, నల్ల టేపు చుట్టాడు. సైరన్ బానెట్ లోపల. షాకు సెన్సరు గేరు పక్కన. ఆ సెన్సరుకు ఒక మర ఉంటుంది, అది తిప్పితే ఎంత అలికిడికి అరవాలో కుదురుతుంది. "ఎంత పెట్టమంటారు సార్?" అని నన్ను అడిగాడు.

"ఫుల్లు పెట్టండి. పిల్లి తుమ్మినా తెలియాలి" అన్నాడు మా బావమరిది.

ఇన్సూరెన్సులో తగ్గింపు కూడా వస్తుందన్నాడు. తరువాత విచారించాను. పుణేలో వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ అనే సంస్థ ఆమోదించిన పరికరమై, అమర్చినట్టు ఆటోమొబైల్ అసోసియేషన్ ధ్రువపత్రం ఉంటే, సొంత నష్టం ప్రీమియంలో రెండున్నర శాతం, అదీ 500 రూపాయలు మించకుండా తగ్గిస్తారట. నా పరికరాన్ని ఆమోదించింది పులి ఒక్కటే.

ఇక ఆదివారం. మా లెక్కల మాస్టారు పోయి పదో రోజు. తెనాలి అవతల ఊరు. పొద్దున బయలుదేరేటప్పుడు రిమోట్ మూడోసారి నొక్కితే గాని కారు మేలుకోలేదు. ఆదివారం కదా, దానికీ బద్ధకమనుకున్నాను.

కాలవ గట్టు మీద నిద్రగన్నేరు చెట్టు నీడన కారు ఆపి దిగాను. తలుపు వేసిన అర నిమిషానికి అలారం తనంతట తానే కాపలాకు కూర్చుంటుంది. మనం మరిచిపోయినా అది మరిచిపోదని కొట్టువాడు గర్వంగా చెప్పిన సుగుణం అదే.

పిండం పెట్టారు. కాకి రాలేదు.

వచ్చింది గాని ముట్టలేదు అనాలి. చెట్టు మీద ఒక జంట కూర్చుని ఉంది. అందరినీ దూరం జరగమన్నారు శాస్త్రిగారు. జరిగాం. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఎండ నెత్తికెక్కింది. అవతల ఇంటి పెరట్లో నుంచి గారెల వాసన వస్తోంది. ఎవరూ దాని గురించి మాట్లాడడం లేదు, అందరి ముక్కులూ మాత్రం అటే తిరిగి ఉన్నాయి.

"ఏదో కోరిక మిగిలిపోయింది. పిల్లలు మాట ఇవ్వండి" అన్నారు శాస్త్రిగారు.

పెద్దకొడుకు చేతులు జోడించాడు. "నాన్నా, అమ్మకు ఏ లోటూ రానివ్వం." కాకి కదలలేదు.

మనవణ్ణి ముందుకు తోశారు. "తాతయ్యా, ఈసారి లెక్కల్లో పాసవుతాను." కాకి నోరు తెరిచి, అనవలసింది అనకుండా మూసుకుంది.

ఎవరో పాత బాకీ తీరుస్తామన్నారు. ఎవరో కాశీకి పోతామన్నారు. ఎవరో మాస్టారికి ఇష్టమని చెప్పి కాఫీ చుక్క చిలకరించారు. చివరికి చిన్నకొడుకు గొంతు సవరించుకుని, "నాన్నా, కాలవ పక్క యాభై సెంట్లు చెల్లాయికే రాసేస్తాం" అన్నాడు.

పెద్దకోడలు తలెత్తి మరిదిని చూసిన చూపు నేను చూశాను. కాకి కూడా చూసి ఉంటుంది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే కొమ్మ మీద నుంచి కిందికి దిగింది.

గట్టు మీద అందరూ ఊపిరి బిగపట్టారు. కాకి గెంతింది. ఆగింది. మెడ బూడిదరంగు, మిగతా ఒళ్లంతా నూనె రాసినట్టు నలుపు. తల ఓరగా పెట్టి ఒక కంటితో పిండాన్ని, ఇంకో కంటితో మమ్మల్ని చూసింది. మళ్లీ గెంతింది. అరిటాకు అంచు మీద కాలు పెట్టింది. ఆడపడుచు కళ్లలో నీళ్లు. శాస్త్రిగారి పెదవుల మీద మంత్రం ఆగిపోయింది. కాకి ముక్కుకూ పిండానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

అప్పుడు దాని జంటకాకి, తన మానాన తాను, కొమ్మ దిగి నా కారు బానెట్ మీద వాలింది.

అరకిలో కూడా లేని పిట్ట. ఫుల్లు తిప్పిన మర.

ఆ సైరన్‌కు ఆరు గొంతులు ఉంటాయి, మీరందరూ ఏదో ఒక రాత్రి విని తిట్టుకునే ఉంటారు. మొదటిది పోలీసు జీపు. రెండోది అంబులెన్సు. మూడోది మెల్లగా మొదలై కొండెక్కి కొసన కీచుమని విరిగిపోతుంది. నాలుగోది బాతుల గుంపు. ఐదోది ఏమిటో చెప్పలేను, పీక పట్టుకుంటే బొమ్మలు చేసే శబ్దం. ఆరోది ఈ ఐదింటినీ ఆవేశంగా తిరగేసి చెబుతుంది. ఒక్కొక్కటి ఐదేసి సెకన్లు, మొత్తం అర నిమిషం రాగమాలిక. ముగియగానే దాని ప్రతిధ్వనికో ఏమో సెన్సరు మళ్లీ అదిరిపడి మొదటి నుంచి ఎత్తుకుంటుంది. అమెరికాలో ఆ కార్లకు 2023లో మందు కనిపెట్టి సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు, తాళంచెవి లేనిదే స్టార్టు కాకుండా చేయడంతో పాటు అలారం మోతను ముప్పై సెకన్ల నుంచి నిమిషానికి పెంచారు. నాకు అలాంటి హద్దులేమీ లేవు.

కాకి ఎగిరిపోయింది. రెండూ ఎగిరిపోయాయి. ఆ తరువాత ఊళ్లో కాకులన్నీ వచ్చాయి. నెత్తిమీద గుండ్రంగా తిరుగుతూ సైరన్‌తో పోటీపడి అరిచాయి గాని ఒక్కటీ నేల మీద వాలలేదు.

మా మాస్టారి తరగతిలో గుండుసూది పడితే వినబడాలి. వెనక బెంచీలో ఎవడైనా కిసుక్కుమంటే నల్లబల్ల వైపు నుంచి తిరగకుండానే, "ఎవడురా అది, లేచి నిలబడు" అనేవారు. యాభై రెండేళ్ల వయసులో, నిలబడే ఉన్నవాణ్ణి, ఇంకా ఎలా నిలబడాలా అని చూశాను. అరచేతులు వాటంతటవే మంటపుట్టాయి.

"ఎవరిదండీ ఆ కారు?" అని నాలుగు వైపుల నుంచీ అరుపులు. నేనూ తల తిప్పి చూశాను. ఇటువంటి చోటికి ఇటువంటి కార్లు తెచ్చేవాళ్లు ఎవరా అన్నట్టు, కొంచెం కోపంగానే చూశాను. జేబులో మాత్రం రిమోట్‌ను వదలకుండా నొక్కుతున్నాను. ముప్పైసార్లు నొక్కి ఉంటాను. రిమోట్ మీద ఎర్ర దీపం ఒకసారి నీరసంగా వెలిగి, ఇక సెలవు అన్నట్టు ఆరిపోయింది. కారు మాత్రం నాలుగు దీపాలూ ఆర్పి వెలిగిస్తూ గుంపులో సూటిగా నన్నే చూస్తోంది.

"ఒరేయ్, అది నీ కారే కదరా!" అన్నాడు నా పక్కనే నిలబడిన బాల్యమిత్రుడు. నలభై ఏళ్ల స్నేహం.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. "చూశారా! మామయ్యగారికి ఇష్టం లేదు" అంది పెద్దకోడలు.

"అది కారు కూత వదినా" అంది ఆడపడుచు.

"గట్టు మీద తొమ్మిది కార్లు ఉండగా అదొక్కటే ఎందుకు కూయాలి? అదీ పొలం మాట ఎత్తగానే?"

అందరూ శాస్త్రిగారి వైపు తిరిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, శకునాల్లో కార్ల ప్రస్తావన లేదన్నారు. అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. నేను ఔనంటే ఒక ఇంటికి కోపం, కాదంటే ఇంకో ఇంటికి. ఈ జన్మలో నా పేర సెంటు భూమి లేదు. యాభై సెంట్ల మాగాణి తీర్పు నా జేబులో చచ్చిన రిమోట్ మీద ఆగింది.

నేను గబగబా కారు దగ్గరికి పరుగెత్తాను. తాళంచెవితో తలుపు తీశాను. దొంగ పడ్డాడనుకుని అది ఇంకా ఉత్సాహపడింది. ట్రాక్టరు కుర్రాడు పానా తెచ్చి బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఆగలేదు. దొంగ బ్యాటరీ తీసినా అరవడానికి సైరన్ కడుపులోనే ఇంకో బ్యాటరీ ఉంటుందట.

దీన్ని ఆపడానికి ఒక రహస్యపు స్విచ్ ఉంటుంది. బిగించిన రోజు కొట్టువాడే చెప్పాడు. "అది ఎక్కడుందో ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకండి సార్" అన్నాడు. మాట మీద నిలబడే మనిషి. నాకూ చెప్పలేదు.

ఫోను చేశాను. సైరన్ మోతలోనే నా గొంతు వినబడడానికి నేను అరుస్తున్నాను, అతను అటునుంచి తాపీగా ఉన్నాడు.

"స్విచ్ ఎక్కడయ్యా?"

"ఫోనులో చెప్పకూడదు సార్. సెక్యూరిటీ."

"కారు నాదే!"

"అందరూ అలాగే అంటారు సార్. సోమవారం బండి తీసుకుని రండి."

బండి తీసుకుని ఎలా రావాలో అడుగుదామంటే పెట్టేశాడు. నాలుగున్నర వేలు చేతిలో పోసిన రోజు మాత్రం నేను ఎవరినో అతనికి బాగా తెలుసు.

చివరికి ట్రాక్టరు కుర్రాడే సైరన్‌ను పీకి, గోతపు సంచిలో చుట్టి, రేవులోకి దిగి నీళ్లలో ముంచాడు. ముణిగి కూడా అది రెండు నిమిషాలు కప్పలా గురగురలాడింది. అదే రేవులో ఆ పక్కనే శాస్త్రిగారు పిండం కాలవలో కలిపించారు. గారెలు చల్లారిపోయాయి. వడ్డించిన ఆవిడ నా విస్తరి దగ్గర ఒకటి తక్కువ వేసింది, అనుమానం కాదు, లెక్కపెట్టాను.

తిరిగి వచ్చి బ్యాటరీ తీగ తగిలించి తాళం తిప్పాను. మీటర్ల మధ్య చిన్న తాళంచెవి బొమ్మ వెలిగింది, వెంటనే ఆరిపోయింది. అంటే కంపెనీ ఇమ్మొబిలైజర్ చిప్పును చదివింది, నంబరు కలిసింది, ఇతను మనవాడే అంది. ఆ రోజు ఆ ఊళ్లో నన్ను మనవాడే అన్నది అదొక్కటే. ఇంజన్ మాత్రం కిమ్మనలేదు. స్టార్టరు తీగ పులిగారి రిలేలోంచి కదా పోయేది. సైరన్ నీళ్లలో మునిగినా రిలే దృష్టిలో నేను ఇంకా దొంగనే.

కారును అక్కడే, కాకుల కింద వదిలేసి బస్సులో వచ్చాను. రాత్రి పదిన్నరకు ఇంటి గుమ్మం ఎక్కి, నెల రోజులుగా మూగబోయి ఉందని తెలిసి కూడా, అలవాటుగా కాలింగ్ బెల్లు నొక్కాను.

లోపల కోకిల కూసింది. ఇల్లంతా మోగేటట్టు, ఒకటికి మూడుసార్లు, ఏ అలసటా లేకుండా కూసింది.

మా బావమరిది ముఖమంతా వెలుగుతో తలుపు తీశాడు. "విన్నారా బావగారూ? నిన్న రాత్రే బాగుచేశాను. దీనిదీ మీ కారు రిమోట్‌దీ ఒకటే సైజు బ్యాటరీ. ఇందులోది అందులో, అందులోది ఇందులో వేశాను, అంతే!"