ఇన్వోక్ ఒక్కటే సరిపోదు
విన్‌ఫార్మ్స్‌లో (విండోస్ డెస్క్‌టాప్ యాప్‌లు రాసే డాట్‌నెట్ లైబ్రరీ) వేరే థ్రెడ్ నుంచి, అంటే ప్రోగ్రామ్‌లో పక్కన నడిచే ఇంకో పని వరస నుంచి, బటన్ లాంటి కంట్రోల్‌ని మార్చాలంటే ఇన్వోక్ వాడండి, విండో ఇక ఫ్రీజ్ కాదు అని కొందరు అంటారు, కానీ ఇది సగం మాటే. ఇన్వోక్ అంటే ఆ మార్పుని యూఐ థ్రెడ్‌కి (విండోని చూపించే, క్లిక్‌లు అందుకునే థ్రెడ్) అప్పగించడం, అది ఆ పని పూర్తి చేసేదాకా వెనక థ్రెడ్ అక్కడే ఆగుతుంది, అదే సమయానికి యూజర్ ఫారం మూశాడనుకోండి, క్లోజింగ్ ఈవెంట్‌లో (ఫారం మూసేటప్పుడు నడిచే కోడ్) ఆ వెనక థ్రెడ్ టాస్క్ ముగిసేదాకా ఆగమని వెయిట్ రాసి ఉంటే యూఐ థ్రెడ్ కూడా ఆగిపోతుంది, ఇక రెండూ కదలవు, పక్కా డెడ్‌లాక్. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే జరిగేది, అదీ ఎప్పుడో ఒకసారి, అందుకే పట్టుకోవడం చాలా కష్టమైంది. విజువల్ స్టూడియోలో బ్రేక్ ఆల్ కొట్టి, అంటే ప్రోగ్రామ్‌ని ఉన్నచోటే ఆపి, ప్యారలల్ స్టాక్స్ విండో చూస్తే ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. 2012లో సీ షార్ప్ 5తో అసింక్, అవెయిట్ (థ్రెడ్‌ని ఆపకుండానే పని ముగిసేదాకా ఎదురుచూసే పద్ధతి) వచ్చాక కూడా కొత్తవాళ్లకి ముందు ఇన్వోకే నేర్పడం నాకు అస్సలు నచ్చదు.