సవరణ: కార్డు గీకితే షాపు యజమానికి ఎంత పోతుంది?

స్వైపింగ్ మెషీన్ల గురించి రాసిన పోస్టులో 'ఏ కార్డు గీకినా షాపుకు రెండు శాతం పోతుంది' అన్న వాక్యాన్ని మారుస్తున్నాను. ఆ లెక్క చాలావరకు క్రెడిట్ కార్డులకే వర్తిస్తుంది.

అమ్మిన సొమ్ములోంచి బ్యాంకులు పట్టుకునే ఈ కోతను ఎండీఆర్ (మర్చంట్ డిస్కౌంట్ రేట్) అంటారు. డెబిట్ కార్డులకు రిజర్వ్ బ్యాంకు 2018 జనవరి నుంచి పరిమితి పెట్టింది. గడిచిన ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్న వ్యాపారికి మెషీన్ మీద 0.40 శాతం మించకూడదు, ఒక్కో లావాదేవీకి 200 రూపాయలు దాటకూడదు. రూపే డెబిట్ కార్డుకు, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా చేసే మామూలు యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆరే లేదు. క్రెడిట్ కార్డుకు మాత్రం ఇలాంటి పరిమితి లేదు, రేటు బ్యాంకుతో కుదుర్చుకున్నదే.

5,000 రూపాయల చీర క్రెడిట్ కార్డు మీద అమ్మారనుకోండి. రెండు శాతం రేటైతే 100 కోత, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 18. ఖాతాలో పడేది 4,882. ఆ వందలో ఎక్కువ వాటా సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకుదే. మిగతాది కార్డు నెట్‌వర్కు (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి), మెషీన్ ఇచ్చిన బ్యాంకు పంచుకుంటాయి. కాబట్టి బేరమాడాల్సింది మెషీన్ ఇచ్చినవాళ్లతోనే, అదీ వాళ్ల వాటా మేరకే.

ఇంకోటి, డెబిట్ కార్డు కోతను కస్టమర్ మీద వేయకూడదని రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. మెషీన్ అద్దె వేరే ఖర్చు, స్టేట్‌మెంట్‌లో దాన్ని విడిగా చూసుకోండి.