గీజర్ సంగతి కూడా రాయాల్సింది

ఇంట్లో కరెంటు ఆదా గురించి వచ్చిన వ్యాసం చదివాను. గదిలోంచి బయటికొచ్చేటప్పుడు లైటు ఆర్పమనీ, పాత ఫ్యాన్లన్నీ మార్చేయమనీ చెప్పింది గానీ గీజర్ మాటే ఎత్తలేదు. లైటు ఆర్పాల్సిందే, కాదనను. కానీ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వంద గంటలకు పైగా వెలిగితే గానీ ఒక యూనిట్ కాలదు. 2000 వాట్ల గీజర్‌కి ఆ యూనిట్ అరగంటకే సరి! మా ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో వేళకి స్నానం చేసేవాళ్లం, గీజర్ ఆన్‌లోనే ఉండేది. ఇప్పుడు వెంటవెంటనే కానిచ్చి స్విచ్ కట్టేస్తున్నాం.

ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు కూడా దయచేసి ఒకసారి చూసుకోండి. కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు వేసి లాగితే మా ఫ్రిజ్‌లో ఆ కాగితం ఇట్టే జారి వచ్చేసింది. అంటే రాత్రీ పగలూ వేడిగాలి లోపలికి పోతున్నట్టే కదా. మడతల్లో నల్లగా పేరుకున్న జిడ్డుని సబ్బునీళ్లతో తుడిచాక కాగితం గట్టిగా పట్టుకుంది. కంప్రెసర్ కూడా మాటిమాటికీ ఆన్ అవడం లేదు.

పాత ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చేయమన్న సలహా మాత్రం నాకు నచ్చలేదు. కొత్త ఫ్యాను తయారీకీ రాగి, ఇనుము, కరెంటు కావాలి. రోజంతా తిరిగే ఫ్యానుని ముందు మార్చండి. ఎప్పుడో ఒకసారి వేసేదాన్ని పాడయ్యేదాకా ఉండనివ్వండి.