బెల్టు మీద నేరం మోపి కూర్చున్న టెన్షనర్ గారికి

కారు ఇంజిన్లో బెల్టుని బిగువుగా పట్టుకునే మహారాజశ్రీ బెల్ట్ టెన్షనర్ గారికి,

తిరుపతి కొర్లగుంట నుంచి మీ ఓనరు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, మీ క్షేమం గురించి అడగాల్సిన పన్లేదు, పొద్దున ఐదున్నరకి సెల్ఫ్ కొడితే చాలు మా వీధి వీధంతా వినేది.

గారు అనడం ఇంతటితో ఆపేస్తా. అంత ఖర్చు పెట్టించినాక మర్యాద ఎక్కువసేపు నిలవదప్పా. గంగమ్మ జాతరలో వేషం కట్టుకుని నోటికొచ్చినట్టు తిడితే ఆ తల్లికే కోపం రాదు, నీకేం వస్తాది.

మా నాయన మారుతి 800లో నీలాంటోడు లేనే లేడు. బెల్టు కుయ్ మందంటే బానెట్ ఎత్తి, డైనమో (బ్యాటరీకి కరెంటు ఎక్కించేది) బోల్టు లూజు చేసి, కడ్డీ పెట్టి వెనక్కి లాగి పట్టుకుని, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కి చూసి, ఇంత మాత్రం దిగితే చాల్లే అని బోల్టు బిగించేసేవాడు. అంతే, ఇంకో ఏడాది దాని జోలికి పోయే పన్లేదు.

తర్వాత నువ్వొచ్చినావు. మా పాత డీజిల్ కారులో ఒకే ఒక్క పొడుగు బెల్టు, పాము మాదిరి మెలికలు తిరిగి డైనమోకి, ఏసీ కంప్రెసర్‌కి, పవర్ స్టీరింగ్ పంపుకి, వాటర్ పంపుకి కూడా అదే. (అందరూ ఇప్పటికీ దాన్ని ఫ్యాన్ బెల్టు అనే అంటారు, ఫ్యాను ఎప్పుడో కరెంటుదైపోయింది, అది వేరే సంగతి.) నీకు ఒక చెయ్యి, చేతి చివర ఒక పుల్లీ, లోపల ఒక స్ప్రింగు, బెల్టుని బిగువుగా పట్టుకోవడం ఒక్కటే డ్యూటీ. అదేమీ చిన్న పని కాదు, ఒప్పుకుంటా. సిలిండర్ మండిన ప్రతిసారీ బెల్టు అదురుతాది, డీజిల్ బండైతే ఇంకా ఎక్కువ, ఆ అదురంతా నువ్వే మింగాల. పద్నాలుగేళ్ళు మింగినావు. స్ప్రింగు అలిసిపోయింది, చెయ్యి ఊగే చోట బుష్ అరిగిపోయింది, పుల్లీ బేరింగులో గ్రీజు ఎండిపోయింది. ముసలితనానికి నేను తిట్టడం లేదు సామీ. అరిగింది నువ్వు, అరిచింది బెల్టు, తన్నులు తిన్నది బెల్టు, డబ్బులు కట్టింది నేను, నువ్వు మాత్రం మూల కూర్చుని నాకేం తెలీదన్నట్టు ఊగుతా ఉన్నావు చూడు, దానికి తిడతా ఉండా.

మొదట ఎవరో స్నానం సబ్బు రుద్దమన్నారు, రుద్దినా, రెండు రోజులు కారు కమ్మగా వాసనొచ్చింది. మా బామ్మర్ది పౌడర్ చల్లమన్నాడు. ఇంకొకాయన స్ప్రే కొట్టినాడు, దానికి దుమ్మంతా అతుక్కుని బెల్టు గీతల్లో అట్టలు కట్టింది. ఆ తర్వాత ఒక షెడ్డులో "బెల్టు పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు, మార్చినారు. కొత్త బెల్టు నెల రోజులు గమ్మునుంది, మళ్ళా కుయ్యో. ఇంకోటి మార్చినారు. మూడోది కూడా. మూడు బెల్టులండీ, బంగారం లాంటి బెల్టులు, ఒక్కదానిలో కూడా తప్పు లేదు, మొదటి రోజే నిన్ను ఇప్పి కాణిపాకం తీసకపోయి ప్రమాణం చేయించుంటే సరిపోయేది.

ఇంక కొండ సంగతి. వొదినావాళ్ళు దర్శనానికి వచ్చినారు, ఎక్కేటప్పుడు ఎట్లనో ఎక్కేసినాం, దిగేటప్పుడు 1944లో తెరిచిన ఆ పాత ఘాట్లో, ఏసీ ఆన్‌లో ఉంది, ఒక హెయిర్‌పిన్‌లో స్టీరింగ్ మొత్తం తిప్పినానో లేదో బెల్టు జారి కీ...చ్ మని ఒక కేక, డ్యాష్‌బోర్డులో ఎర్రగా బ్యాటరీ గుర్తు, స్టీరింగు చూస్తే రోకలిబండ తిప్పినట్టుంది, వెనక సీట్లో వొదిన గోవిందా గోవిందా అని మొదలుపెట్టింది, భక్తితోనా భయంతోనా నేను అడగలేదు. ఏసీ ఆపేసి, భుజాలు ఊడిపోయేలా తిప్పుకుంటా అలిపిరి దాకా దిగినాను.

మర్నాడు రేణిగుంట రోడ్డులో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి పోయినా. ఆయన పానా కూడా పట్టుకోలేదు ముందు. ఇంజిన్ ఆన్ చేయించి, చేతులు దూరంగా పెట్టుకుని, బాటిల్‌తో బెల్టు గీతల వైపు కాసిన్ని నీళ్ళు చిలకరించినాడు. అరుపు ఇంకా పెరిగింది. "నీళ్ళకి అరుపు ఆగితే పుల్లీ వంకర అనుకోవాల, పెరిగితే పట్టు చాల్లేదని" అన్నాడు. తర్వాత ఏసీ వెయ్యమన్నాడు, కంప్రెసర్ పట్టుకోగానే నీ చెయ్యి పట్టు దొరకనోడి మాదిరి టకటకా కొట్టుకుంది, ఐడిలింగ్‌లో కదిలీ కదలనట్టు ఉండాల్సింది అది. ఇంజిన్ ఆపి, పానా వేసి నిన్ను వెనక్కి లాగి మెల్లిగా వదిలితే జారుడుగా రావాల్సిన చెయ్యి మధ్యలో రెండు చోట్ల టక్కు టక్కుమని ఆగింది. పుల్లీని వేలితో తిప్పితే డబ్బాలో గోలీలేసి ఊపినట్టు శబ్దం.

ఈ పరీక్షలన్నిటికీ పట్టింది పది నిమిషాలు. మూడు బెల్టులకి పట్టింది ఏడాదిన్నర.

నేను ఊరుకుంటానా, "బేరింగొక్కటే మార్చితే పోదా అన్నా" అని అడిగినా. "శబ్దం పోతాది, పట్టు రాదు, ఎముక విరిగిందంటే పుత్తూరు కట్టుకి పంపిస్తా, స్ప్రింగుకి యాడ కట్టేది" అన్నాడాయన. సరే, టెన్షనర్ మొత్తం సెట్టు కొత్తది, బెల్టు కూడా కొత్తదే (నాలుగోది, లెక్క పెట్టుకో), ఎందుకంటే నువ్వు వంకరగా పట్టుకున్నందుకు పాతదాని అంచు నూలుపోగులు లేచిపోయింది. బెల్టు దారి చూపించే స్టిక్కర్ ఎప్పుడో చిరిగిపోయింది కాబట్టి ఇప్పే ముందు నా చేత ఫోటో తీయించినాడు, తప్పుదారిలో వేస్తే వాటర్ పంపు వెనక్కి తిరుగుతాదంట, అప్పుడు ఇంజిన్ ఉడికిపోతాది. వేసినాక ప్రతి పుల్లీ గాడిలో బెల్టు కూర్చుందా లేదా అని టార్చ్ వేసుకుని వేలితో తడిమి చూసినాకే సెల్ఫ్ కొట్టమన్నాడు.

కొట్టినా. ఏం లేదు. ఇంజిన్ శబ్దం తప్ప ఇంకేం లేదు, ఆ నిశ్శబ్దానికి నాకే అనుమానం వచ్చి దిగి చూసినా.

నిన్ను ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టినా, మా చిన్నోడు పుల్లీ తిప్పి గరగరలాడిస్తా ఉంటాడు. ఎదురింటి అవ్వ మాత్రం నా మీద కోపంగా ఉంది. ఇన్నాళ్ళూ నీ అరుపు విని లేచి పాలకి గిన్నె పెట్టేదంట, ఈ వారంలో రెండుసార్లు పాలాయన వచ్చి ఎళ్ళిపోయినాడంట. "ఏం నాయనా, బండి తియ్యడం మానేసినావా" అని నిన్న గేటు దగ్గర పట్టుకుని అడిగింది.

ఇట్లు,
నీ పాత ఓనరు