మేజిక్ కొట్టు గారికి నమస్కరించి రాయునది

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని తలా ఒక పాత్ర వేసి, డైస్ దొర్లించి ఆడే కథల ఆట లోకంలో మేం ఏ ఊరికి పోతే ఆ ఊళ్లో వెలిసే మేజిక్ వస్తువుల కొట్టు గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మా ఫైటర్ ఒక్కడే కొన ఊపిరితో ఉన్నాడు, హీలింగ్ పోషన్ (గాయాలు మాన్పే మందు) కోసం మీ గుమ్మం ఎక్కి ధర వినగానే ఉన్న ఊపిరి కూడా పోయినంత పనైంది. 50 బంగారు నాణేలా? అదే ఆటపుస్తకంలో పని రాని కూలీకి రోజుకి ఇచ్చేది 2 వెండి నాణేలు, పది వెండికి ఒక బంగారం. అంటే ఆ మనిషి 250 రోజులు పస్తులుండి చాకిరీ చేస్తే మీ సీసా ఒకటి చేతికొస్తుంది, తాగాక డైస్ కలిసిరాకపోతే తిరిగొచ్చేది నాలుగు ప్రాణం పాయింట్లే. ఊళ్లో చూస్తే కూలీలూ మేకలూ తప్ప ఎవరూ కనిపించరు. మరి మేం రాకముందు మీకు బోణీ ఎవరు చేశారండీ?

సరే, ఎగిరే సంగతికొద్దాం, నా కడుపుమంట అక్కడే. 2024 డంజన్ మాస్టర్స్ గైడ్ (ఆట నడిపేవాడి రూల్స్ పుస్తకం) ప్రకారం ఎగిరే చీపురు అన్‌కామన్, అంటే కాస్త అరుదు, 400 నాణేలు. ఎగిరే పోషన్ వెరీ రేర్, అంటే బాగా అరుదు, 40,000, కాకపోతే తాగితే అయిపోయే సరుకు కాబట్టి సగం తగ్గించి 20,000! చీపురు ఎన్నేళ్లయినా ఎగురుతుంది, పోషన్ గంట. పనికొస్తుందా లేదా అని కాదు, దొరుకుతుందా లేదా అని ధర కడితే ఇలాగే ఏడుస్తుంది. పోనీ కొందామన్నా, 50 నాణేలు ఒక పౌండు లెక్కన 20,000 అంటే 400 పౌండ్లు, దాదాపు 180 కిలోలు. అది మోయాలంటే మీ దగ్గరే ఇంకో 400 పోసి బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ (ఎంత బరువు వేసినా తేలిగ్గా మోయగలిగే మేజిక్ సంచి) కొనాలి. భలే వ్యాపారం.

2003 నాటి ఆటపుస్తకం 3.5 ఎడిషన్‌లో మీకు హద్దులుండేవి. ప్లస్ వన్ లాంగ్‌స్వోర్డ్ (కాస్త మేజిక్ ఉన్న పొడుగు కత్తి) 2,315 నాణేలని కచ్చితంగా రాసుండేది, పల్లెలో అయితే 200 దాటిన సరుకు దొరకదని కూడా రాసుండేది. విసుగే కానీ న్యాయం. తర్వాత 2014 పుస్తకం వచ్చి రేర్ వస్తువు 501 నుంచి 5,000 మధ్య ఎంతైనా ఉండొచ్చంది, ఇక ధర మా డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) మూడ్ మీద పడింది. ఆ రోజు పిజ్జా డబ్బులు ఎవరిచ్చారన్నది కూడా లెక్కలోకి వచ్చేది (నిరూపించలేను, అనుమానం మాత్రమే).

ఇంకోటి. మీ ఓనరు పేరేంటని మా బార్డ్ (పాటగాడు) అడిగితే డీఎం టేబుల్ మీది బిస్కెట్ ప్యాకెట్ వంక చూసి "బిస్కటోరియస్" అన్నాడు. ఆ పెద్దమనిషితో బేరానికి సగం సెషన్ పోయింది, ఊరవతల డ్రాగన్ మా కోసం కాచుక్కూర్చుంది. అసలు లక్షల సరుకు పెట్టుకుని, కాపలాకి ముసలి కుక్కతో, ఇన్నాళ్లూ దొంగల పాలవకుండా ఎలా ఉన్నారో మా రోగ్ (చేతివాటం దొంగ) చాలా శ్రద్ధగా అడిగి తెలుసుకున్నాడు.

పోషన్లు మీ దగ్గరే ఉంచుకోండి, మాకు నాలుగు చీపుర్లు పక్కన పెట్టండి. "అప్పు రేపు" బోర్డు చూశాం, అందుకే రేపొస్తున్నాం.

ఇట్లు,
మీ ఏకైక ఖాతాదారులు

తా.క.: రోగ్ రాత్రికే వస్తానంటున్నాడు.