మహారాజశ్రీ లాన్ వైరు గారికి

అమలాపురం నుంచి తమ బాధితురాలు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. ఇటు కంప్యూటరు కుశలం, అటు మోడెం కుశలం. మధ్యలో ఉన్న తమరి క్షేమసమాచారమే నిమిషానికో రకంగా ఉంటోందని ఈ ఉత్తరం.

నిన్న 20వ తారీఖండీ. ఆ తారీఖున ఈ ఇంట్లో ఏం జరుగుతుందో తమరికి నేను చెప్పాలా? నెలనెలా గుమ్మం పైనుంచి వేలాడుతూ చూస్తూనే ఉన్నారు. ఆ రోజు పొయ్యి మీద పాలు పొంగినా నేను లేవను, పుట్టింటి నుంచి ఫోనొచ్చినా ఎత్తను. పీచు వ్యాపారం వారిది, ఎరువుల కొట్టు వారిది, వరసపెట్టి జీఎస్టీ రిటర్న్‌లు పడాలి. అవన్నీ ఎలాగో గట్టెక్కాయి. ఆఖరిది అంబాజీపేట నూనె మిల్లు వారి 3బి, అదే నెలవారీ జీఎస్టీ రిటర్న్. లెక్క సరిపోయింది. పన్ను కట్టేశాను. ఓటీపీ అడిగింది, వచ్చింది, కొట్టాను, బాణం తీసుకెళ్ళి మీట మీద పెట్టాను. తమరు లేరు.

తెర మూల భూగోళం బొమ్మ వచ్చి కూర్చుంది. ‘నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్’ అంది. పెట్టలేదట! వంగి చూస్తే సీపీయూ వెనకాల తమరు నిక్షేపంగా ఉన్నారు, పచ్చలైటు కూడా వెలుగుతోంది. అంటే నేను వంగేలోపు తిరిగొచ్చేశారన్నమాట. సరే, వచ్చారు కదా అని మళ్ళీ లాగిన్, మళ్ళీ ఆ వంకర అంకెలు చదవడం, మళ్ళీ ఓటీపీ. మళ్ళీ తమరు లేరు. ఫోన్ హాట్‌స్పాట్ పెడదామంటే, వెనక గదిలో సిగ్నలు ఒక్క గీత. అదీ కొబ్బరాకులు ఊగినప్పుడల్లా ఊగుతుంది. కిటికీ ఊచల మధ్య ఫోను ఇరికించి, ఆ ఒక్క గీతతో రిటర్న్ పడేసరికి అర్ధరాత్రి దాటింది. తేదీ మారింది. ఆలస్య రుసుము 50 రూపాయలు. కేంద్రానికి 25, రాష్ట్రానికి 25.

‘యాభయ్యే కదే’ అన్నారు మావారు, పక్క మీంచి లేవకుండానే. యాభై సంగతి కాదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి ఆ మిల్లు వారి ఖాతాలో ఆలస్య రుసుమన్నదే లేదు. వచ్చే నెల 3బి తెరిచేసరికి ఆ యాభై దానంతట అదే వచ్చి గడిలో కూర్చుని ఉంటుంది. ఆ మిల్లాయన కళ్ళజోడు సవరించుకుని ‘ఇదేంటమ్మా?’ అని అడుగుతారు. ఏం చెప్పమంటారు? మా గుమ్మం మీద వైరు గారికి మనసు బాగోలేదండీ అనా?

తమరు పోవడం గురించి కాదండీ నా బాధ. పోయేవి చాలా ఉన్నాయి మా కోనసీమలో. గాలివాన వస్తే కరెంటు పోతుంది. కొబ్బరి మట్ట విరిగి పడితే స్తంభం మీంచి వచ్చే ఫైబర్ తీగ పుటుక్కుమంటుంది. కానీ దానికో మర్యాద ఉంది. అది తెగితే మోడెం మీద ఎర్రలైటు వెలుగుతుంది. ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, ఈ పూట నెట్టు లేదని. పుస్తకాలు సర్దుకుని చెల్లెలింటికి పోయి పని చేసుకుంటాను. అంతెందుకు, గోదారమ్మ అంతటిది కూడా చెప్పే వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కడానికి వ్యవధి ఉంటుంది. తమరికి మొదటిదీ లేదు, మూడోదీ లేదు. ముంచడమే. ముంచి, నేను గట్టెక్కేలోపు ఏమీ ఎరగనట్టు పచ్చలైటు వేసుకుని కూర్చోవడం.

ఇంట్లో వాళ్ళ వైద్యాలూ అయ్యాయి. మావారిది ఒకటే మందు, ఆపి మళ్ళీ వెయ్యమని. అత్తయ్యగారు మోడెంకి నిమ్మకాయ కట్టించారు. అది చీమలకి దారి చూపించింది తప్ప ఒరిగిందేం లేదు. కంప్యూటరులో కరెంటు ఆదా కోసమని నెట్‌వర్క్ కార్డుని నిద్రపుచ్చే టిక్కు ఒకటుంటుంది, తీసేశాను. ఆ కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాను. కస్టమర్ కేర్‌లో వేణుగానం విన్నాను. అంతా విన్నాక ఆ అమ్మాయి ‘మా వైపు అంతా బాగానే చూపిస్తోంది మేడం’ అంది. నిజమే చెప్పింది, పాపం.

ఇక ఆ నెట్ కుర్రాడు. ఆ మాట ఎత్తితే నా ఒళ్ళు మండుతుంది. బండి గేటు దగ్గర ఆగుతుందో లేదో, నీకెలా తెలుస్తుందో కానీ, లేచి కూర్చుంటావు! అతను రాగానే జాక్ పీకుతాడు, ఒకసారి ఊదుతాడు, మళ్ళీ గుచ్చుతాడు. స్పీడ్ టెస్ట్ పెడతాడు. ముల్లు ఆ చివరికి కొట్టుకుంటుంది. ‘ఆయ్, బాగానే వస్తోంది కదండీ మేడంగారూ’ అంటాడు. నేను అబద్ధాలకోరుని అయిపోతాను నా ఇంట్లోనే. మజ్జిగ తాగి వెళ్ళిపోతాడు. బండి కాలువ వంతెన దాటిందో లేదో, మీ సమస్య పరిష్కరించబడింది, అయిదు నక్షత్రాలివ్వండి అని మెసేజీ. ఆ మెసేజీ చదువుతుండగా నువ్వు పోతావు. ఇలా ఒకసారి కాదు. ప్రతిసారీ. నా ముందొక వేషం, వాడి ముందొక వేషం. రోగం ఉన్నవాడు డాక్టరు ముందు దగ్గడానికేం?

అందుకని నిన్న రాత్రి యాభై రూపాయల నిద్ర ఎలాగూ పోయింది కదా అని, నీ సంగతి తేలుద్దామని కూర్చున్నాను. కంప్యూటరు తెర మీద రెండు నల్ల కిటికీలు తెరిచి, ఒకదాంట్లో మోడెంకి పింగ్ పెట్టాను, అంటే ‘ఉన్నావా?’ అని పలకరింపు, 192.168.1.1 అని, రెండోదాంట్లో బయటికి, గూగుల్ వాళ్ళ 8.8.8.8 అని. ఆపమనేదాకా ఆగకుండా. బయటిది ఒక్కటే ఆగితే దోషం వీధిలో ఉన్నట్టు. రెండూ కలిసి ఆగితే దోషం ఇంట్లో ఉన్నట్టు. టీ పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. రెండూ ఒక్కసారే ఆగాయి. రెండూ ఒక్కసారే లేచాయి. మోడెం ఎక్కడో రాజమండ్రిలో లేదు, మా హాల్లో టీవీ పక్కన ఉంది. మీ జాతి వంద మీటర్ల దాకా మొయ్యాలని లెక్క. మా హాలు నుంచి వెనక గదికి దారాలతో కొలిచినా అందులో ఓ మూలకి రాదు.

అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ అన్న చోట వేగం సెకనుకి వెయ్యి మెగాబిట్లు తీసేసి 100 అని కట్టేశాను. అంతే! పిల్లిలా పడున్నావు. తెల్లారేదాకా ఒక్క పింగ్ తప్పలేదు. నాకు సంతోషం వెయ్యలేదు, ఇంకా కోపమొచ్చింది. ఎందుకంటే దొంగతనం ఎలా జరుగుతోందో అప్పుడర్థమైంది.

నీ కడుపులో ఎనిమిది తీగలు. రెండేసి మెలిపెట్టిన నాలుగు జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. 100కి నారింజా, ఆకుపచ్చా చాలు, మిగతా రెండూ పడుకోవచ్చు. వెయ్యికి నాలుగూ లేవాలి. చిక్కెక్కడంటే, ఇటు కంప్యూటరూ అటు మోడెమూ ఎంత వేగమని బేరమాడుకునేది ఆ మొదటి రెండు జతల మీదే. అవి బాగున్నాయి కాబట్టి వెయ్యికి బేరం కుదురుతుంది. తీరా పనిలోకి దిగాక గోధుమ జత చేతులెత్తేస్తుంది. లింకు తెగుతుంది. మళ్ళీ బేరం, మళ్ళీ కుదరడం, పచ్చలైటు వెలగడం. కొన్ని కార్డులైతే లౌక్యంగా 100కి దిగి సర్దుకుంటాయట. మా కంప్యూటరుది పట్టుదల. ఈ బేరాల మధ్యలో నా ఓటీపీ, నా 20వ తారీఖు.

పొద్దున్నే ఫోన్ టార్చి వేసి నీ జాక్‌లోకి చూశాను. అద్దంలా ఉంటుంది కదా, దాచుకోలేవు. ఏడు తీగలు చివరిదాకా వచ్చి బుద్ధిగా నిలబడ్డాయి. గోధుమది ఒకటి కొస దాకా రాకుండా, జాక్ లోపలి లోహపు పళ్ళకి తగిలీ తగలనట్టు ఆగిపోయింది. పైగా జాక్‌కి ఉండాల్సిన ఆ చిన్న క్లిప్పు లేదు, ఎప్పుడో విరిగింది. అందుకే ఆ కుర్రాడు పీకి గుచ్చినప్పుడల్లా గట్టిగా తగిలి కాసేపు బాగుండటం, తలుపు ధడేలుమన్నప్పుడల్లా కాస్త వెనక్కి జారడం. నాటకం అనుకున్నాను నేను. నాటకం కూడా కాదు, తలుపు చప్పుడు! మా ఇంట్లో తలుపు మెల్లిగా వేసే మనిషి లేడు. అత్తయ్యగారు భోజనానికి లేస్తే నాకు నెట్టు పోతోందన్నమాట.

ఇక్కడితో ఊరుకుందును. కానీ నిన్ను బిగించిన రోజు కుర్రాడు కత్తిరించి పారేసిన ముక్కొకటి అటక మీద కనబడింది. బ్లేడు పెట్టి ఆ తీగని గీశాను. పైన ఎర్రగా రాగి. రెండు గీతలు పడేసరికి లోపల తెల్లగా, అల్యూమినియం! రాగి పూత పూసుకుని రాగినంటూ తిరుగుతున్నావు. నాలుగుసార్లు వంచితే పుల్లలా విరిగింది. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ‘మంచి వైరండీ, రాగిదండీ’ అని చెప్పారు. నగల కొట్లో ఇలా చేస్తే ఊళ్ళో నలుగురినీ పిలిచి పంచాయితీ పెడతాం. నీ విషయంలో ఎవరిని పిలవాలి? నువ్వు నాకు ఇచ్చిన మాట తప్పావని ఏడుస్తున్నాను నేను, నీ ఒంటి రంగే అబద్ధమైతే మాటెక్కడిది? సిగ్గుందా? ఆ మిల్లాయన ముందు నేను తల దించుకోవాలి, నువ్వు గుమ్మం మీద నీలంగా మెరుస్తూ ఉంటావు.

సరే. అరిచాను, తగ్గింది.

ఇవాళ సాయంత్రం గడియారస్తంభం వైపు వెళ్ళి కంపెనీలోనే జాక్‌లు వేసి వచ్చిన వైరు కొనుక్కొస్తున్నాను. కొట్లోనే దాని క్లిప్పు నొక్కి చూస్తాను, పైన పూర్తి రాగి అని రాసుందో లేదో చదువుతాను, ఆ రాసింది నమ్మను, బిల్లు తీసుకుంటాను. మావారు గుమ్మం పైన మేకులు కొట్టకుండా గోడవారగా పట్టీ వేస్తారట. చూద్దాం.

తమరిని పారెయ్యడం లేదు. ఈ ఇంట్లో దేన్నీ పారెయ్యం, చూస్తూనే ఉన్నారు కదా. పెరట్లో బీరపాదు పందిరెక్కింది, కర్రలు కట్టడానికి తాడు చాలడం లేదని అత్తయ్యగారు నాలుగు రోజుల నుంచి అంటున్నారు. నారింజో గోధుమో అక్కడెవరూ అడగరు, వెయ్యా వందా అనీ అడగరు. కాయలు దిగితే బరువు బానే ఉంటుంది. అక్కడ మాత్రం జారారంటే ఆవిడతో పెట్టుకున్నట్టే. ఆవిడకి నా అంత ఓపిక లేదండీ.

ఇట్లు,
తమ మాజీ వినియోగదారురాలు